ఓలువోడె ఇంటి తలుపు

మక్కాలో ఉమ్రా యాత్ర ముగించుకొని మదీనాలో బురైదా బస్సెక్కినప్పుడు నా ఉద్దేశం చిన్నదే. మా చిన్నాయన కొడుకు దస్తగిరి పన్నెండేళ్లుగా అక్కడ డ్రైవరు. వాడి గదిలో నాలుగు రోజులుండి, నాలుగు కిలోల ఖర్జూరాలు కొనుక్కొని ఇంటిదారి పట్టాలనుకున్నాను. ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అడిగినా అడక్కపోయినా సలహా చెప్పడం ఆ ఉద్యోగంలో అంటుకున్న జబ్బు. బయలుదేరేటప్పుడు మా ఇంటావిడ గుమ్మం దాకా వచ్చి, "ఆడ ఎవురికీ ఏమీ సెప్పాకు. సూసి రా, అంతే" అని మరీ మరీ చెప్పింది. ఆ మాట విని ఉంటే ఖర్జూరాల ధరలూ ఒంటెల ముచ్చట్లూ రాసి ముగించేవాణ్ణి. నా అంతట నేను చేసుకొచ్చిన పని వల్ల ఇంకో సంగతి కూడా రాయవలసి వస్తోంది.

బురైదా

సౌదీ అంటే మలమల మాడ్చే ఎండ అనుకొని పలచటి చొక్కాలు పట్టుకెళ్లాను. జనవరి నెలలో బురైదా బస్టాండులో దిగేసరికి పళ్లు టకటక కొట్టుకున్నాయి. దస్తగిరి తన కోటు విప్పి నాకు తొడిగాడు. "ఏందన్నా, మదనపల్లి సలి అనుకుంటివా? ఇది ఎముకలు కొరికే సలి" అని నవ్వాడు.

వాడి గదిలో నలుగురు. ఒకాయన పాకిస్తానీ, ఇద్దరు బంగ్లాదేశీయులు. అందరూ ఉర్దూలో మాట్లాడుకుంటారు, తిట్టుకునేటప్పుడు మాత్రం ఎవరి భాష వాళ్లది. నేను తీసుకెళ్లిన రాగిపిండితో దస్తగిరి సంగటి కెలికాడు. పాకిస్తానీ ఆయన ముద్దను అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని నమలాలా మింగాలా అని అడిగాడు. మింగమన్నాం. మింగి, కాసేపు కళ్లు మూసుకొని కూర్చొని, తర్వాత ఇంకో ముద్ద వేయించుకున్నాడు.

దస్తగిరి పని పశువుల డాక్టరును పొలాలకూ సంతలకూ తిప్పడం. "మా డాక్టరు నైజీరియా ఆయనన్నా. వసీవు అని. నీ మాదిరే కతలంటే పడి సస్తాడు. బండెక్కితే నోరు మూయడు" అన్నాడు. డాక్టరుగారికి ఆ వారం ఒంటెల సంత, ఉనైజాలో ఒక తోట, హాయిల్‌లో గొర్రెల మందలు చూడాల్సిన పని ఉందట. ముందు సీటు ఎటూ ఖాళీ, నన్నూ రమ్మన్నాడు.

ఒంటెల సంత

తెల్లారి వెళ్లేసరికి సంత నిండిపోయి ఉంది. మా ప్రాంతంలో వారపు సంతకు వచ్చే ఎద్దులన్నీ కలిపినా ఇక్కడ ఒక మూలకు రావు. సూడాన్ కాపరులు పొడుగాటి కట్టెలు పట్టుకొని ఒంటెల మధ్య తిరుగుతున్నారు. బేరగాళ్లు ఒంటె పెదవి పట్టుకొని పళ్లు చూస్తున్నారు. మన దగ్గర ఎద్దు కొనేవాడు సుడులు చూస్తాడు, వీళ్లు మూపురాన్ని చేత్తో నొక్కి చూస్తున్నారు. ఈ తేడా నోట్‌బుక్కులో రాసుకుంటూ ఉండగా వెనక నుంచి ఒక ఆడ ఒంటె నా భుజం మీది తువ్వాలు లాక్కొని నమలడం మొదలుపెట్టింది. నేను ఒక కొస పట్టుకొని లాగుతున్నాను, అది రెండో కొస వదలదు. చుట్టూ జనం పోగై నవ్వుతున్నారు.

అప్పుడు ఆరడుగుల మనిషి ఒకాయన వచ్చి, మోచేతి దాకా చెయ్యి ఒంటె నోట్లోకి పోనిచ్చి తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. అది అప్పటికి తువ్వాలుగా పనికిరాదు. "సార్, నేను వసీవు" అన్నాడు ఇంగ్లీషులో. "మా వాళ్లు తరతరాలుగా జంతువులను వేటాడి చంపారు. ఆ పాపం నేను సూదిమందుతో కడుగుతున్నాను." ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. నవ్వితే మనిషంతా నవ్వుతాడు.

ఇంతలో ఆయన ఫోను మోగింది. తెర మీద పేరు చూడగానే, ఆ పేడలోనే వంగి, చేతి వేళ్లు నేలకు తాకించి అప్పుడు "హలో" అన్నాడు. అవతల ఉన్నది ఆయన మేనత్త. పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే సాగిలపడతారట, ఫోనులోనైనా వంగకుండా మాట్లాడితే ఆయనకు మాట పెగలదట. మన పిల్లలు పెద్దవాళ్లు పలకరిస్తే చెవిలో తీగలు కూడా తీయరు. ఆ వంగడం చూడగానే ఆయన మీద నాకు అభిమానం పుట్టుకొచ్చింది.

మాట్లాడడం అయ్యాక ఆయన ముఖంలో నవ్వు లేదు. ఏమిటని అడిగాను.

"మా ఊళ్లో మా ఇంటికి ఒక పదవి ఉంది సార్. ఓలువోడె అంటారు. వేటగాళ్ల పెద్ద అని అర్థం. మా పెదనాన్న ఆ పదవిలో ఉండి పోయిన నెల పోయారు. ఇప్పుడు నన్ను కూర్చోమంటున్నారు. రెండుసార్లు అడిగారు, ఏమీ చెప్పలేకపోయాను. శుక్రవారం మూడోసారి అడుగుతారు. నాలుగోసారి అడగరు."

ఉనైజా

ఉనైజాలో తోట యజమాని లేడు, ఆయన నౌకరు ఉన్నాడు. మర్యాదకు లోటు చేయలేదు. చేప కంటి అంత కప్పుల్లో యాలకుల కాఫీ పోస్తూనే ఉన్నాడు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలని నాకు తెలియక తొమ్మిది కప్పులు తాగాను. తొమ్మిదో కప్పు దగ్గర దస్తగిరి జాలిపడి నా చెయ్యి పట్టుకొని ఊపాడు. దంచిన గోధుమలతో చేసిన జరీష్ పెట్టారు, మన గోధుమనూక జావకు పెరుగు కలిపి చిక్కగా వండినట్టుంటుంది. బజారులో సుక్కరీ ఖర్జూరం మూడు కిలోల డబ్బా కొట్టువాడు ముప్పై రియాళ్లన్నాడు, ఇరవై అయిదుకు ఇచ్చాడు. ఖర్జూరం ముద్ద పెట్టి కాల్చిన కలీజా బిళ్లలు ఇంకో డబ్బా కొన్నాను. ఇంటికొచ్చేసరికి అవి సగం మిగిలాయి, దారిలో తిన్నది నేనే.

తోటలో మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంది. ఖర్జూరపు చెట్ల పాదుల్లోకి నీళ్లు పారుతున్నాయి. ఆ పదవి ఎట్లా పుట్టిందో చెప్పమని డాక్టరును అడిగాను. ఆయన పాదు గట్టు మీద కూర్చొని మొదలుపెట్టాడు.

"మా ఊరు లేని రోజుల్లో అదంతా అడవి. ఒక వేటగాడు దెబ్బతిన్న అడవిదున్న వెంట మూడు రోజులు నడిచాడు. దున్న ఒక బండ కింద పడి చచ్చిపోయింది. దాన్ని కోయడానికి వంగితే బండ కింద నీళ్ల చప్పుడు వినిపించింది. అక్కడే ఆకులతో గుడిసె వేసుకున్నాడు. ఆ రోజుల్లో యుద్ధాలెక్కువ. తప్పించుకొని పారిపోయి వచ్చేవాళ్లు నీళ్ల కోసం వచ్చి ఆ గుడిసె తలుపు కొట్టేవాళ్లు. లోపలి నుంచి ఆయన 'ఎవరు?' అనేవాడు. 'నీళ్ల కోసం వచ్చిన పరాయివాణ్ణి' అనేవాళ్లు. తలుపు తీసి నీళ్లిచ్చి, ఉండడానికి చోటు చూపించేవాడు. అట్లా ఊరైంది."

"ఆయన్నే రాజును చేసి ఉండాలే?" అన్నాను.

"అడిగారు. రాజైనవాడు ఒకచోట కూర్చోవాలి, నాకు కూర్చోవడం రాదన్నాడు" అని డాక్టరు పకపక నవ్వాడు.

హాయిల్ దారిలో

మర్నాడు హాయిల్‌కు బయలుదేరాం. మూడు గంటల దారి. కిటికీలోంచి ఎర్రటి ఇసుక, మధ్యమధ్యలో గుండ్రంగా పచ్చటి గోధుమ పొలాలు. దస్తగిరి తోలుతున్నాడు, నేను పక్కన, డాక్టరు వెనక. కథలో మిగిలిన సగం అక్కడ విన్నాను.

కొన్నాళ్లకు ఒక రాచబిడ్డ కిరీటంతో వచ్చాడట. కిరీటముంది, ఊరు లేదు. ఇక్కడ ఊరుంది, కిరీటం లేదు. వేటగాడు అతన్ని కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాడు. నువ్వూ నీ వెనక వచ్చే ప్రతి రాజూ పట్టం కట్టుకునే రోజున కిరీటం తీసి చేత్తో పట్టుకొని మా ఇంటి తలుపు దగ్గరికి రావాలి. మేం లోపలి నుంచి ఎవరని అడుగుతాం. నీళ్ల కోసం వచ్చిన పరాయివాణ్ణని చెప్పాలి. అప్పుడు తలుపు తీసి నీళ్లిస్తాం. ఆ తర్వాతే పట్టం. అట్లా అడిగే మనిషికి ఓలువోడె అని పేరు.

"మా తాత అడిగాడు, పెదనాన్న అడిగాడు. ఊళ్లో ఎంత గర్విష్ఠి రాజైనా ఆ ఒక్కరోజు మా గుమ్మం ముందు పరాయివాణ్ణని ఒప్పుకోవాల్సిందే" అన్నాడు డాక్టరు. "ఇప్పుడున్న రాజు మంచం మీద ఉన్నాడు. త్వరలో కొత్త రాజు వస్తాడు."

"మీరు కాదంటే?"

"ఇంకో ఇల్లుంది. ఆ వేటగాడి శిష్యుడి సంతతి. పదవి వాళ్లకు పోతుంది. వద్దన్న ఇంటికి మళ్లీ రాదు. వాళ్లు చాలా ఏళ్ల కిందటే రాజుగారి ఆవరణలోనే ఇల్లు కట్టుకున్నారు. రాజు తన వాకిట్లో తన మనిషిని తనే పలకరించుకున్నట్టవుతుంది."

ఒప్పుకుంటే ఆయన ఊళ్లోనే ఉండాలి. ఓలువోడె ఊరు విడిచి నిద్రపోకూడదట. ఇక్కడి ఉద్యోగానికి ఇంకా రెండేళ్ల కాంట్రాక్టు ఉంది. మధ్యలో పోతానంటే ఇక్కడ పనిలో పెట్టుకున్న కఫీలు ఎగ్జిట్ వీసా రాసిస్తాడు, మళ్లీ రావడం కుదరదు. ముగ్గురు పిల్లలు పెద్ద చదువుల్లో ఉన్నారు. పైగా వేటగాళ్ల పాత తంతులు కొన్ని తన నమాజుకు కుదరవని గుబులు. మేనత్త మాత్రం ఒకే మాట చెప్పిందట: తంతులు చేసే వాళ్లు వేరే ఉన్నారు, నువ్వు తలుపు వెనక కూర్చొని ఎవరని అడిగితే చాలు.

ఆయన ముందుకు వంగి నా సీటు మీద చెయ్యి వేశాడు. "సార్, మీరు పెద్దవాళ్లు. మీ ఇంట్లో ఇట్లాంటిది ఏమైనా ఉండేదా?"

ఉండేది. మా ఊళ్లో పీర్ల పండక్కి పెద్ద పీరును ఎత్తే హక్కు మా దూదేకుల ఇంటిది. ఊరు ఊరంతా, రెడ్లూ మాలమాదిగలూ కూడా, మలీదా ముద్దలు తెచ్చి మా నాయన ఎత్తిన పీరు ముందు పెట్టేవాళ్లు. ఆయనకు మోకాళ్లు పోయాక ఊరి పెద్దలు నన్ను ఎత్తమని వచ్చారు. అప్పటికి నాకు పంతులుద్యోగం వచ్చి మూడేళ్లు. మతంలో ఇట్లాంటివి లేవని కొందరు స్నేహితులు చెప్పారు, అది నాకు సాకుగా దొరికింది. అసలు సంగతి సిగ్గు. వీధిలో చెప్పుల్లేకుండా పీరెత్తుకొని ఊగుతుంటే నా విద్యార్థులు చూస్తారన్న సిగ్గు.

ఇదంతా డాక్టరుకు చెప్పలేదు. పండక్కి ఊరి జెండా ఎత్తే హక్కు దూది ఏకే మా ఇంటికి ఉండేదనీ, నేను వద్దన్నాననీ మాత్రం చెప్పాను.

"మీకేమైనా నష్టం జరిగిందా?" అని అడిగాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఏమీ లేదు" అన్నాను.

దస్తగిరి చప్పున నావైపు తిరిగాడు. "ఏందన్నా, అట్ల సెప్తాండావు? ఆ పొద్దు నుంచి పెద్ద పీరు పెట్టెలోనే గదా ఉండాది? పెదనాయన ఆ తర్వాత ఒక్క పండక్కన్నా పీర్ల సావిడికాడికి పోయినాడా?"

"నువ్వు బండి తోలు" అన్నాను తెలుగులోనే.

ఏమంటున్నాడని డాక్టరు అడిగాడు. దారి గురించి అన్నాను. ఇక అక్కడ నుంచి నా నోటికి ఆపు లేదు. కాలం మారిందన్నాను. పిల్లల చదువు ముందన్నాను. పదవులు మనుషుల కోసం పుట్టాయి గాని మనుషులు పదవుల కోసం పుట్టలేదన్నాను, తరగతిలో అయితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నేను ముప్పై ఏళ్ల కిందట చేసింది సరైన పనేనని ఆ కారులో ఎవరైనా ఒప్పుకోవాలని నాకు ఉండింది. ఒప్పుకోవడానికి ఆయన దొరికాడు. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మీరు చెప్పింది నిజమే సార్" అన్నాడు.

హాయిల్, శుక్రవారం

హాయిల్ చుట్టూ ఎర్రటి రాతికొండలు. మా రాయచోటి గుట్టలను కాల్చి పెట్టినట్టున్నాయి. జుమా నమాజు చేసుకొని బయటికొస్తే నా చెప్పులు లేవు. దస్తగిరి వెతికి వెతికి ఎవరిదో పాత జత తెచ్చిపెట్టాడు. రెండూ ఎడమకాలివే. వాటితోనే హోటలుకు నడిచి ముగ్గురం ఒకే పెద్ద పళ్లెం మాంసం అన్నం ముందు కూర్చున్నాం. డాక్టరు తినలేదు, మెతుకులు కెలికాడు.

వాళ్ల ఊరి గడియారం సౌదీకంటే రెండు గంటలు వెనక. వాళ్ల జుమా నమాజు అయ్యేసరికి ఇక్కడ సాయంత్రపు అసర్ నమాజు వేళ. ఒక మంద దగ్గర గొర్రెలకు మందు పట్టి, కొండ కింద రాళ్ల మీద కూర్చున్నాం. ఫోను ఇంకా రాలేదు. ఈలోగా డాక్టరు నాకు ఒక సంగతి చెప్పాడు. ఇంటివాళ్లంతా ఒక కోలా గింజ మధ్యలో పెట్టుకొని కూర్చుంటారట. మన వక్కలాగా నమిలేదే, చేదుగా ఉంటుంది. జవాబు వినగానే గింజను పగలగొట్టి తలా ఒక ముక్క నములుతారు. మన తాంబూలం లాంటిదే అనుకున్నాను.

ఫోను మోగింది, డాక్టరు వంగి నేల తాకి ఎత్తాడు, మేనత్త గొంతు స్పీకరులో వినిపించింది. ముసలి గొంతు, గట్టి గొంతు. ఏదో అడిగింది. ఆయన చిన్నగా ఒక ముక్క చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. రాగం తీసి ఏదో చదవడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది ఆ వేటగాడి దగ్గర నుంచి తమ ఇంటి పెద్దల పేర్లన్నీ పొగుడుతూ వచ్చే పాటట. ఆయన తలవంచుకొని చివరిదాకా విన్నాడు. ఫోను ఆగింది.

నేను ఆయన భుజం తట్టాను. మంచి పని చేశారని కూడా అన్నాను, నా నోరు పడిపోను.

ఆయన ముఖం తుడుచుకొని నవ్వడానికి ప్రయత్నించాడు. "సార్, మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక ఇంటి కథ విన్నవాడు తన ఇంటి కథ చెప్పి వెళ్లాలి. ఆ జెండా ఎత్తే హక్కు మీ ఇంటికి ఎట్లా వచ్చింది? అంత మంది ఉండగా దూది ఏకేవాళ్ల ఇంటికే ఎందుకిచ్చారు?"



"నాకు తెలీదు" అన్నాను.

"మీ నాన్నగారు చెప్పలేదా?"

"ఆ కథ ఎత్తేవాడికే చెప్పాలి. ఎత్తే రోజున, పీరు చేతికిచ్చే ముందు చెప్పాలి. చిన్నప్పుడు ఎన్నిసార్లడిగినా నాయన 'నువ్వు ఎత్తే పొద్దు సెప్తాలే' అనేవాడు. నేను ఎత్తలేదు. ఆయన ఎవరికీ చెప్పకుండానే పోయాడు."

డాక్టరు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏమీ నష్టం లేదని నిన్న చెప్పిన మనిషి ఇతనేనా అన్నట్టు చూశాడు. తర్వాత గబగబా ఫోను తీశాడు. ఈసారి వంగడం మరిచిపోయాడు.

మేనత్తే ఎత్తింది. ఆయన గుక్కతిప్పుకోకుండా మాట్లాడాడు. ఆమె నాలుగు మాటలు చెప్పింది. ఆయన చెయ్యి దించేశాడు.

"ఏమంటాది డాక్టర్ సాబ్?" అని దస్తగిరి తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

"గింజ నమిలేశారట" అన్నాడు. "నమిలింది మళ్లీ గింజ కాదంది."

తిరిగొచ్చాక

వచ్చి ఆరు నెలలైంది. సుక్కరీ ఖర్జూరాలు చుట్టాలకు పంచాను, అందరూ బాగున్నాయన్నారు. నేను అబద్ధమాడానని డాక్టరుకు రాసి పంపాను. నష్టం చాలా జరిగిందనీ, నా తప్పును ఒప్పు చేసుకోవడానికి మీ చేత అదే తప్పు చేయించాననీ రాశాను. మూడు రోజుల తర్వాత జవాబొచ్చింది. "అడిగింది నేను సార్. అట్లా చెప్పే మనిషి కోసమే వెతుకుతున్నాను." ఆయన పెద్దమనసు చూసి నాకు ఇంకా సిగ్గేసింది. ఇప్పుడు డాక్టరు బండిలో కథలు చెప్పడం లేదని దస్తగిరి అంటున్నాడు. "దారి పొడుగునా కిటికీలోంచి సూస్తా కూకుంటాడన్నా."

పోయిన వారం డాక్టరు ఇంకో కబురు పంపాడు. కొత్త రాజుకు పట్టమైందట. కిరీటం చేత్తో పట్టుకొని తన వాకిలి దాటకుండానే రెండో ఇంటి తలుపు తట్టాడట. లోపలి నుంచి "రండి మహారాజా" అన్నారట. ఎవరని అడగలేదు.

"మా ఇంటి కథ మీరు రాసిపెట్టండి" అని కింద ఒక వాక్యం ఉంది. రాశాను, ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. తర్వాత ఉండబట్టలేక మా ఊరికి వెళ్లి, మిగిలిన ముసలివాళ్లందరినీ అడిగాను, పెద్ద పీరు మా ఇంటికి ఎందుకొచ్చిందని. "మీ నాయనకే తెల్సప్పా" అన్నారు అందరూ. "ఆ పొద్దు సావిడికాడ పొద్దుగుంకేదాకా నీకోసం సూసినాడు, నీకు సెప్పాలని."

నేను ఆ రోజు బడికి సెలవు పెట్టలేదు.